ఇంటి లెక్క: పెద్దల కాలనీ జమాఖర్చులు

సాత్తూరు, కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతాల మన కుటుంబాలలో ఒక ప్రశ్న ఇప్పుడు తరచుగా వినవస్తున్నది. పిల్లలు చెన్నపట్నంలోనో, బెంగుళూరులోనో, సముద్రాలకు ఆవలనో స్థిరపడ్డారు. తాతలనాటి ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, లేదా ఒక్కరే. ఈ ఇల్లు అమ్మివేసి, కోయంబత్తూరు వైపు పెద్దల కోసమే కట్టిన కాలనీలలో ఒక ఇల్లు తీసుకొందామా అని ఆలోచిస్తున్నారు. ఇటువంటి కాలనీలకు కోయంబత్తూరు పేరుపొందిన చోటు. తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నవి గనుక మనవారికి చుట్టరికానికీ మాటకూ కొదువ ఉండదు. పోవలెనా, మానవలెనా అన్నది ఎవరి మనసు వారిది. మేము ఈ నెల వ్రాయదలచినది డబ్బు సంగతి.

కొనే ధర దగ్గర అందరూ బేరమాడతారు. నెలనెలా కట్టవలసిన నిర్వహణ చందాను గురించి అడిగేవారు మాత్రం తక్కువ. అసలు బరువంతా అక్కడే ఉన్నది. నెలకు 8,000 రూపాయలనుకొందాము. ఏటేటా నూటికి 7 చొప్పున పెరిగితే పదేండ్లకు అది 16,000కు దగ్గరవుతుంది. కాపలావాని జీతం, కరెంటు, డీసెలు, కూరగాయలు, వీటిలో తగ్గేది ఏదీ లేదు గనుక ఈ పెరుగుదలను దోపిడి అనలేము. ప్రభుత్వ పింఛనుకు కరువు భత్యమైనా కలుస్తుంది; వ్యాపారం చాలించుకొని బ్యాంకు వడ్డీ మీద బ్రతికేవారికి అదీ లేదు. అరవై అయిదేండ్లప్పుడు సుఖంగా కట్టిన చందా ఎనభయ్యో ఏట గొంతు మీదికి వస్తుంది. ఆ వయస్సులో మళ్ళీ సామాను సర్దుకొని ఎక్కడికి పోగలరు?

ఇంకొక మాట సోదరీమణులు తప్పక వినవలెను. ఈ లెక్కలు వేసేది సాధారణంగా ఇంటి యజమాని. వేసేది తన పింఛను మీద. ఆయన తరువాత ఆమెకు వచ్చే కుటుంబ పింఛను అంతకంటె తక్కువ. కాలనీ చందా మాత్రం తగ్గదు. కనుక లెక్కను ఇద్దరి రాబడి మీద కాక, ఆమె ఒక్కతే ఉండబోయే ఏండ్ల మీద వేయాలి. ఈ మాట నోట అనడానికి ఏ భార్యకూ మనసొప్పదు. అందుకే మేము అంటున్నాము.

వంటశాల సంగతి చిత్రమైనది. తొంబదిమంది భోంచేసే వంటశాలకు వంటవారి జీతాలు, గ్యాసు, పాత్రల సామాను కలిపి నెలకు 1,35,000 రూపాయలు ఖర్చనుకొందాము. తలకు 1,500. రుచి కుదరలేదని ముప్పదిమంది ఇండ్లలోనే వండుకోసాగారు. వంటవారి జీతం తగ్గదు గదా! మిగిలిన అరువదిమంది మీద తలకు 2,250 పడుతుంది. ఆ ధర చూసి ఇంకొందరు మానుకొంటారు. ఈ విధంగా మంచి వంటశాలలు కూడ మూతపడగలవు. చివరికి నష్టపోయేది పొయ్యి దగ్గర నిలువలేని ముసలమ్మలే. దీనికి మాకు తోచిన మార్గం ఒక్కటే: జీతాల వంటి స్థిరమైన ఖర్చు తినేవారూ తిననివారూ అందరూ మోయాలి, బియ్యం, పప్పు, కూరల ఖర్చు తిన్నవారు తిన్న పూటలకు ఇవ్వాలి. పిల్లల దగ్గరకు మూడు నెలలు పోయి వచ్చేవారితో తగవులు కూడ అప్పుడు తప్పుతవి.

ఈత కొలను, సినిమా హాలు, వ్యాయామశాల చిత్రాలు ప్రకటనలలో అందంగా ఉంటవి. కొలను నీళ్ళు శుద్ధిచేసే ఖర్చు మీరు దిగినా దిగకపోయినా మీదే. మా మటుకు స్నానాలగదిలో పట్టుకొనే కమ్మి, కాలుజారని నేల, రాత్రివేళ మెలకువగా ఉండే నర్సు, స్ట్రెచరు పట్టే లిఫ్టు, ఈ నాలుగూ ఉంటే కొలను లేకపోయినా దిగులులేదు. పెద్దల నివాసాలకు కేంద్ర ప్రభుత్వం 2019లో మాదిరి మార్గదర్శకాలు వెలువరించింది. అవి మార్గదర్శకాలే గాని వాటంతట అవి చట్టం కావు.

లిఫ్టు అనగానే మూలనిధి గుర్తుకు వస్తుంది. 12 లక్షల లిఫ్టు ఇరవై ఏండ్లు పనిచేస్తుందనుకొంటే, అరువది ఇండ్ల కాలనీలో ఇంటికి నెలకు 83 రూపాయల చిల్లర వేరుగా దాచితే చాలు. ధర పెరుగుతుంది, దాచినదానికి వడ్డీ కూడ వస్తుంది. ఆ 83 రూపాయలు దాచని కాలనీలో ఒకనాడు ఇంటికి 20,000 తెమ్మని నోటీసు వస్తుంది. మూడవ అంతస్తులో మోకాళ్ళ నొప్పులవారు అది పోగయ్యేదాక గదిలోనే కూర్చుంటారు.

‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది’ అని మన సామెత. అయినా ఉమ్మడి సొమ్ము నిలబడిన దాఖలా కోసం మనం దూరం పోనక్కరలేదు. సాత్తూరు, విరుదునగరం, శివకాశి, అరుప్పుకోట నాడారు వర్తకులు సరకుల మీద ‘మహిమై’ అని కొంత రుసుము తీసి ఉమ్మడి నిధిలో వేసేవారు. ఆ నిధితో బడులు, సత్రాలు, గుడులు నడిచినవి. వచ్చిన సొమ్ము ఏ పనికి పోయిందో ఊళ్ళో అందరి కళ్ళకూ కనబడేది. కాలనీ సంఘంలో జమాఖర్చు పత్రాన్ని నెలనెలా నోటీసు బోర్డు మీద, పెద్ద అక్షరాలతో అంటించమని అడగడం తప్పుకాదు. అడిగినవారిని తగవులమారులని అనే కాలనీ అయితే కొనకముందే తెలుసుకోవడం మేలు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాము. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, కొన్నవారి సంఘం బాధ్యత తీసుకొనేదాక ముఖ్యమైన సేవలను సరసమైన ఛార్జీలకు జరపవలసినవాడు కట్టిన యజమానే. తమిళనాడులో 1994 నాటి అపార్టుమెంటు చట్టం స్థానంలో 2022 నాటి చట్టం 2024 మార్చిలో అమలులోకి వచ్చింది. ఇక పన్ను. నెల చందా 7,500 రూపాయలు దాటితే జి.ఎస్.టి. నూటికి 18 వర్తించవచ్చును. దాటితే మొత్తం మీద పన్ను అని 2019లో కేంద్రం సర్క్యులరు పంపింది. దాటిన భాగం మీదనే అని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. 9,000 చందాకు మొదటి లెక్కన 1,620, రెండవ లెక్కన 270. మీ కాలనీవారు ఏ లెక్కన వసూలు చేస్తున్నారో అడిగి, ఆడిటరుకు చూపండి. సంఘం డిపాజిట్ల మీద వచ్చే బ్యాంకు వడ్డీకి ఆదాయపు పన్ను ఉన్నదని 2013లో బెంగుళూరు క్లబ్బు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. మూలనిధి లెక్కలో ఆ పన్నును మరచే కోశాధికారులు ఉంటారు.

ఆఖరున, మనం పోయిన తరువాత. చాల కాలనీలలో చిన్న వయసువారు కాపురముండరాదు. కొడుక్కి ఇల్లు సంక్రమించినా ఉండలేడు. అమ్మవలెను, లేక అద్దెకు పెద్దవారిని చూడవలెను. అంతవరకు తాళం వేసిన ఇంటికి కూడ చందా నడుస్తూనే ఉంటుంది. అమ్మేటప్పుడు కాలనీకి బదిలీ రుసుము ఎంత, కొనేవారిని ఎవరు ఒప్పుకోవాలి, డిపాజిట్టు ఎన్ని నెలలలో తిరిగి వస్తుంది, ఈ మూడూ ఒప్పందంలో ఎక్కడ వ్రాసి ఉన్నవో ఎర్ర సిరాతో గీత గీసి, ఆ కాగితం ఏ బీరువాలో పెట్టారో పిల్లలకు ఉత్తరం వ్రాసి ఉంచండి.