రాక్షసబల్లి... బల్లి కాదు!

అమలాపురం, రాజోలు, కొత్తపేట... కోనసీమలో ఏ మూలకెళ్లినా కొబ్బరితోటల్లోనో కాలువగట్ల మీదో అప్పుడప్పుడూ ఎదురయ్యే పెద్దబల్లి ఉడుము. తోకతో కలిపి అయిదున్నర అడుగులు దాటి కూడా పెరుగుతుంది. రెండుగా చీలిన నాలుక చాచి ఆడిస్తుంటే పామే అనుకుని కర్ర అందుకుంటారు. పాపం, అది ఆ నాలుకతో వాసన చూస్తోందంతే!

'ఇంతుంటే రాక్షసబల్లి ఎంతుండేదో' అంటారు పిల్లలు. చిక్కంతా ఆ పేరుతోనే. 1842లో ఇంగ్లండ్‌కి చెందిన రిచర్డ్ ఓవెన్ 'భయంకరమైన బల్లి' అన్న అర్థం వచ్చే గ్రీకుమాటలతో డైనోసార్ అని పేరుపెట్టాడు. దాన్నే మనం రాక్షసబల్లి చేసుకున్నాం. కానీ బల్లికి కాళ్లు పక్కలకు చాపినట్టుంటే, డైనోసార్లకు ఒంటికిందే స్తంభాల్లా నిటారుగా ఉండేవి. వాటికి దగ్గరి చుట్టాలు మొసళ్లు, వారసులు పక్షులు. అంటే రాక్షసబల్లితో బంధుత్వం గోడమీది బల్లికన్నా పెరట్లోని కోడిపెట్టకే ఎక్కువ. సంక్రాంతి బరిలో పుంజులకు ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో మరి!

డైనోసార్ జాడకోసం కోనసీమలో తవ్వితే దొరకదు. గోదారి ఒండ్రుతో నిన్నగాక మొన్న ఏర్పడిన నేల ఇది. నదికి ఎదురెళ్లాలి. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరుపెట్టారు. ఆ జురాసిక్ జీవి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. అందరూ దాని ముందే నిలబడతారు. ఆ కోటా రాళ్లలోనే రెబ్బెన ప్రాంతంలో దొరికిన చిన్నచిన్న దవడముక్కల సంగతి ఎవరికీ పట్టదు. 2002లో శాస్త్రవేత్తలు వాటికి 'భారతగామ రెబ్బనెన్సిస్' అని పేరుపెట్టి, మన తొండకు దూరపు పూర్వీకుల కోవలో చేర్చారు. బల్లి కాకపోవచ్చనే వాదనా ఉంది. ఏమైనా డైనోసార్ల కాళ్లసందున ఇలాంటి చిన్నప్రాణులూ తిరిగాయన్నమాట.

చాలా బల్లులు ఎప్పుడూ చిన్నవే. 2021లో మడగాస్కర్‌లో బయటపడ్డ ఓ మగ ఊసరవెల్లి తోకతో సహా 22 మిల్లీమీటర్లు కూడా లేదు. పెద్దవాటి చిట్టాలో ముందుండేది ఉడుముల కుటుంబమే. ఇండొనేషియాలోని కొమోడో డ్రాగన్ పదడుగుల ఉడుము. దీవిలో చిక్కుకుపోవడంవల్లే అది అంత పెరిగిందని చాన్నాళ్లు అనుకున్నారు. ఆస్ట్రేలియాలో 38 లక్షల ఏళ్లనాటి దాని ఎముకలు దొరికాయని 2009లో తేలడంతో ఆ కథ మారింది. అక్కడే ఇంకా పెద్దదైన మెగలానియా అనే ఉడుమూ ఉండేది. సముద్రంలోనైతే ఉడుముల చుట్టాలనుకునే మోససార్లు నలభై అడుగుల దాకా పెరిగి, 6.6 కోట్ల ఏళ్లకిందట డైనోసార్లతోపాటే పోయాయి.

బల్లి పరుగెత్తేటప్పుడు ఒళ్లు పక్కలకు వంకర్లు తిరుగుతుంది, ఊపిరి సరిగా ఆడదు. అందుకే కాస్త దూరానికే ఆగిపోతుంది. ఉడుము జాతులు మాత్రం గొంతు ఉబ్బించి గాలిని ఊపిరితిత్తుల్లోకి తోసుకుంటాయి. 1999లో తేలిన సంగతిది. గట్టుమీద పరుగెత్తే ఉడుము గొంతు ఉబ్బేది కోపంతో కాదు, ఊపిరికోసం!

దానికి ప్రాణంతీసే విషం లేదు. దొరికితే పట్టు వదలదు, అంతే. 'ఉడుము వద్దు, చెయ్యొస్తే చాలు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. పేడకుప్పలు తవ్వి పురుగుల్నీ, అవకాశం దొరికితే ఎలుకల్నీ తింటుంది. కొబ్బరిమొవ్వును తొలిచే కొమ్ముపురుగు పెరిగేదీ అలాంటి కుప్పల్లోనే. అయినా మాంసానికీ తోలుకూ దాన్ని చంపుతున్నారు. ఆఖరికి మగ ఉడుము మర్మావయవాల్ని ఎండబెట్టి, 'హథాజోడి' అనే అదృష్టపు వేరంటూ ఇంటర్నెట్‌లో అమ్మారు. 2017లో గుట్టు రట్టయింది. కొన్నవాళ్లు ఇంట్లో పూజలు చేసింది ఉడుము తునకకన్నమాట!

వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులి పక్కనే ఉడుమూ ఉంది. చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. పెరట్లోకొస్తే దారి వదిలేస్తే చాలు, దానంతటదే పోతుంది. పోకుండా ఏ మూలో నక్కితే అటవీశాఖకు ఫోన్ చేయాలి.