సిగ్నల్ ఫుల్లు, కాల్ నిల్లు

పోయిన పంచమీ తీర్థం రోజు తిరుచానూరులో మా అమ్మ జనంలో తప్పిపోయింది. పద్మ సరోవరంలో చక్రస్నానం అయ్యింది, జనం ఒక్కసారిగా కదిలారు, నా చేతిలోంచి అమ్మ చెయ్యి జారింది. అంతే. ఫోన్ తీశాను. టవర్ గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. కాల్ మాత్రం పోదే!

17 సార్లు నొక్కాను. ఇంజినీరింగ్‌లో ఇదే సబ్జెక్టు చదివి, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి. భయం ముందు చదువు పనిచెయ్యలేదు, ఒప్పుకుంటున్నా.

ఆ గీతలు చెప్పేది టవర్ మాట మనకెంత గట్టిగా వినబడుతోందో అంతవరకే. మన మాట టవర్‌కి చేరుతుందా అన్నది వేరే సంగతి.

తిరుపతి నుంచి షేర్ ఆటోలో వచ్చారనుకోండి. పాత ల్యాండ్‌లైన్ కాల్ అంటే ఆటో మొత్తం మాట్లాడుకోవడం. మీరు మౌనంగా ఉన్నా లైను మీదే, ఇంకొకరు ఎక్కడానికి లేదు. 4జీ మాత్రం షేర్ ఆటో. 20 మెగాహెర్ట్జ్ బ్యాండులో అంచులు కాస్త వదిలేసి, 180 కిలోహెర్ట్జ్ చొప్పున 100 ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క ఒక్కో సీటు. ఏ సీటు ఎవరి ప్యాకెట్‌కో టవర్ మిల్లీసెకనుకోసారి కొత్తగా తేలుస్తుంది. అంటే సెకనుకు లక్ష సీట్లు! ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరికి సిగ్నల్ బాగుందో, ఎవరికి చాలాసేపుగా సీటు దొరకలేదో చూసి మరీ ఇస్తుంది. నాకు ఈ లెక్కంటే ఇప్పటికీ ముద్దే.

మరి లక్షలో నాకొక్కటి దొరకలేదా? చిక్కు సీట్ల దగ్గరే కాదు, ఆటోని ఆపే దగ్గర కూడా. సీటు కావాలంటే ఫోన్ ముందు ఒక కేక వెయ్యాలి. ఆ కేకలకి ఉన్నవి 64 సంకేతాలే. చీటీ తీసినట్టు ఫోన్ వాటిలో ఒకటి ఏరుకుంటుంది. అదే క్షణంలో ఇంకొకరూ అదే ఏరుకుంటే గొడవే, మళ్లీ మొదలు. వేలమంది ఒక్కసారే అరిస్తే డ్రైవర్‌కి ఎవరి మాట వినబడుతుంది? నా 17 నొక్కుళ్లూ ఆ గోలకి నా వంతు చేర్పు.

చివరికి ఎస్సెమ్మెస్ పెట్టాను: ‘మనం పూలు కొన్న అంగడి దగ్గరే నిలబడు, వస్తా’. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే, గుణింతం గుర్తులు కూడా అందులోనే లెక్క. కాల్ మాట్లాడాలంటే సెకనుకు 50 సార్లు ప్యాకెట్ వెళ్లాలి, ఇద్దరి ఫోన్లూ ఒకేసారి దొరకాలి. మెసేజ్‌కి ఆ అవసరం లేదు. అవతలి ఫోన్ అందకపోతే మెసేజ్ సెంటర్‌లో కాచుకుని, మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది.

అరగంటకి పూలంగడి ముందు అమ్మ కనబడింది. మెసేజ్ చూసుకునే వచ్చిందట. నన్ను చూడగానే కళ్లు తుడుచుకుని ఒకటే మాట: "ఫోన్ చేస్తే ఏమైతాదిరా నీకు? ఒక్క మిస్డ్ కాలన్నా లేదు గదరా!"