ఉదరమందలి మిత్రులు

మంచిర్యాల గోదావరి యొడ్డున మేయు బఱ్ఱె గడ్డి తినును. కాని గడ్డిలోని పీచును విఱుచు శక్తి దానికి స్వతస్సిద్ధముగ లేదు. దాని తొలిపొట్టయందు కాపురమున్న సూక్ష్మజీవులే యాపని నెఱవేర్చి దానికి బలమును, మనకు పాలను సమకూర్చుచున్నవి. బొగ్గుగనిలో దిగు కార్మికుని పెద్దప్రేగునందును నిట్టి మిత్రులు కలరు. జొన్నగట్కలోని పీచును పులియబెట్టి వారు ప్రేగుగోడను పోషింతురు, రోగక్రిములకు చోటీయరు.

ఈ మిత్రులకు మనము చేయుచున్న సత్కారమేమి? జలుబు చేసిన చాలును, యాంటిబయాటిక్ మ్రింగుచున్నాము. జలుబు వైరస్సుచే కలుగునది. ఆ మందు దానిని తాకదు. చచ్చునవి ప్రేగులలోని మేలిజీవులు. మిగులునవి మందునకు లొంగని క్రిములు.

ఇట్టి మందులలో నొకటి తెలుగువాని కృషిఫలమే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను స్ప్రూ అను ప్రేగువ్యాధి బలిగొనెను. అమెరికాలో ఆయన నాయకత్వమున 1945లో ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును, 1948లో ఆరియోమైసినును వెలువడినవి. ప్రాణరక్షణకై పుట్టిన ఆ రెండవ మందును అచిరకాలముననే కోళ్లను, పశువులను బలియజేయుటకు మేతలో కలిపిరి! ఐరోపా సమాఖ్య 2006లో ఆ వాడుకను మాన్పెను. మన ప్రభుత్వము 2019లో ఆహారమునకై పెంచు జంతువులకు కొలిస్టిన్ వాడరాదని శాసించెను.

శాసనము మాత్రమే చాలదు. వైద్యుని చీటి లేనిదే మందు అమ్మరాదు, కొనరాదు. చీటి యున్నచో మోతాదు తప్పరాదు. కోళ్లపెంపకందారులు మేతలో మందు కలుపుట మానవలెను. తెలుగువాడు లోకమున కిచ్చిన ఖడ్గమును తెలుగువారే మొక్కపోజేయుట మనకు తగునా?