పండగా? ప్రాజెక్టా?

నేను పొట్టకూటి కోసం చేసే పని సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడపడం. క్లయింటు "ఇంకో చిన్న రిపోర్టు కూడా పెట్టండి" అంటే, "దానికి రోజులెన్ని, డబ్బులెంత?" అని మొహమాటం లేకుండా అడిగేస్తాను. అదే నన్ను తీసుకెళ్ళి మా ఊరి తెలుగువాళ్ళ ఉగాది కమిటీలో కూర్చోబెడితే మాత్రం, ఎవరేమడిగినా "అలాగేనండీ, చూద్దాం" తప్ప ఇంకో మాట రాదు. ఈ టపా ఆ మొహమాటం గురించే.

2024లో ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం వచ్చింది. అమెరికాలో మన పండగలు పంచాంగాన్ని బట్టి కాదు, స్కూలు ఆడిటోరియం దొరికే శనివారాన్ని బట్టి వస్తాయి కదా, మేం 13న పెట్టుకున్నాం. ఉగాదికి ముందురోజు మా ఒహాయోలో సంపూర్ణ సూర్యగ్రహణం. పట్టపగలు చీకటి పడి, నాలుగు నిమిషాల లోపే మళ్ళీ వెలుగొచ్చింది. మా కార్యక్రమం మాత్రం రెండింటికని చెప్పి మూడింటికి మొదలుపెడితే రాత్రి తొమ్మిదైనా తెమల్లేదు.

ఎందుకు తెమల్లేదో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. మొత్తం 38 అంశాలు. ఒక్కోటి నాలుగు నిమిషాలు. ఒక జట్టు దిగి ఇంకో జట్టు ఎక్కి, పాట దొరికి, మైకు పలికేసరికి ఇంకో రెండు. 38 ఆరుల 228 నిమిషాలు, అంటే దాదాపు నాలుగు గంటలు. ఉపన్యాసాలు, శాలువాలు, వందన సమర్పణ వీటికి అదనం. ఈ గుణకారం కమిటీలో అందరికీ వచ్చు. కానీ "మీ అమ్మాయి డాన్సు ఈసారికి వద్దండీ" అని ఎవరు చెప్తారు?

ఇక కమిటీ సంగతి. మొదట ఎనిమిది మందిమి. రెండు వారాల ముందు పనులు వెనకబడ్డాయని ఇంకో ఆరుగుర్ని చేర్చుకున్నాం. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో రాశాడు. ఆఫీసులో నేనే పదిమందికి ఆ మాట చెప్తుంటాను. ఎనిమిది మంది ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాలంటే 28 జంటలు. పద్నాలుగు మందైతే 91. అందుకే ఆ రోజు మూడు చోట్లనుంచి పేపరు ప్లేట్లు వచ్చాయి, చెంచాలు మాత్రం ఎవరూ తేలేదు.

ఇవన్నీ నవ్వుకుని మర్చిపోయే సంగతులే. మర్చిపోలేనిది ఒకటుంది. ఆ ఏడు అమ్మ మా దగ్గరే ఉంది. తెనాలి నుంచి వస్తూ పొట్లం కట్టి తెచ్చిన ఎండు వేపపువ్వే ఆ రోజు అందరి పచ్చడిలోకీ వెళ్ళింది. ఆరు గంటలు, మోకాళ్ళ నొప్పులతో, ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య ఆ కుర్చీలో కూర్చుంది. నేను ఒక్కసారి కూడా వెళ్ళి పక్కన కూర్చోలేదు. రాత్రి ఇంటికొచ్చాక అడిగింది, "ఏరా, నువ్వు పచ్చడి తిన్నావా?" అని. తినలేదు.

ఆ తర్వాత నేను కమిటీలో పట్టుబట్టినవి నాలుగే. ముగించే టైము ముందు రాసుకుని, మిగతావి దాన్ని బట్టి వెనక్కి లెక్కేసుకోవాలి. అంశాలు పన్నెండు దాటకూడదు. భోజనం ముందు, ప్రోగ్రాం తర్వాత. ఆకలితో ఉన్న పిల్లల చేత ఎవరూ డాన్సు చేయించలేరు. పులిహోర, దద్దోజనం, బొబ్బట్లు పెడితే వేడి చేసే గొడవే లేదు. ఇక కమిటీ అయిదుగురే, ఒక్కో పనికి ఒక్కరే జవాబుదారీ.

"పిల్లలకి స్టేజీ ఎక్కే అవకాశం పోతుంది కదా" అన్నారు. న్యాయమైన మాటే. ఈ దేశంలో మన పిల్లలు తెలుగు పాటకి అడుగేసేది అక్కడే. కానీ పన్నెండు జట్లలో ఎనిమిదేసి మందిని వేసినా 96 మంది పిల్లలు. పిల్లలెవరూ మిగిలిపోరు, సోలోలు మాత్రం పోతాయి. సోలో కావాలనుకునేది ఎక్కువగా మనమే గానీ పిల్లలు కాదు.

2025లో ఉగాది మార్చి 30, ఆదివారమే వచ్చింది. ఆ రోజే, ఇలాగే చేశాం. అంతా సాఫీగా జరిగిందని కోతలు కొయ్యను. ఒక కుటుంబం అలిగి రాలేదు, ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. అది నాకు బాధే. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి చేతిలో పచ్చడి గిన్నెతో ఓ మూల కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర.

"ఎలా ఉందిరా?"

"చేదుగా ఉందమ్మా."

"ఉండాలిగా మరి" అంది.

వచ్చే ఏడాది మీ ఊళ్ళో కమిటీ వేసేటప్పుడు, పనుల జాబితాలో మొదటి పనిగా ఇది రాసుకోండి: ఆ రోజు మనం కూడా కూర్చుని పచ్చడి తినాలి. దానికి అడ్డమొచ్చేది ఏదైనా సరే, "వద్దండీ" అనడం నేర్చుకోవాలి. నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను.