గొంతు పెద్దదైతే పెంపకం తప్పా?



మన హోసూరు, క్రిష్ణగిరి వాళ్లం ఉగాదికో పెళ్లికో చేరినచోట ఒక బిడ్డ అరిచినట్టు మాట్లాడితే అందరి చూపూ తల్లి మీదే. "కాస్త అదుపులో పెట్టమ్మా" అనేస్తాం. ఆమె మరుసటిసారి రాదు.

ఆ బిడ్డకు ఆటిజం ఉంటే అది అల్లరి కాకపోవచ్చు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో పోల్చుకోవడం అలాంటి పిల్లల్లో చాలామందికి కష్టం. కొందరు గట్టిగా, కొందరు మరీ మెల్లగా, కొందరు ఎగుడుదిగుడు లేకుండా ఒకే తీరుగా మాట్లాడతారు. "నీళ్లు కావాలా?" అని అడిగితే "నీళ్లు కావాలా" అనే తిరిగి అంటారు. చాలాసార్లు దానర్థం "కావాలి" అనే. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే ఈ తీరు గమనించాడు. అది వెక్కిరింపు కాదు, వాళ్ల మాటే.

ఇంకో ఉచిత సలహా కూడా వింటుంటాం: "ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం. అందుకే మాట రాలేదు, తెలుగు మానేయండి." భాషలు ఎక్కువైతే ఆటిజం రాదు. తెలుగు మానేస్తే అవ్వాతాతలతో ఆ బిడ్డకున్న మాట కూడా తెగిపోతుంది. అనుమానముంటే ముందు చెవి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టును కలవాలి. బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరం కాదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే ఆటిజాన్ని చేర్చుకుంది. మన సంఘం ఎప్పుడు చేర్చుకుంటుంది? వచ్చే ఉగాదికి స్పీకర్ల సద్దు తగ్గిద్దాం. పక్కన ఒక ప్రశాంతమైన గది ఉంచుదాం. ఆ తల్లికి సలహా వద్దు, పక్కన కుర్చీ వేద్దాం.