హిట్లర్ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లో కఠినంగా ఉండే పెద్దవాళ్ళను "హిట్లర్" అనడం మనకు మామూలే. 1997లో చిరంజీవి సినిమా ఆ పేరుతో వచ్చినాక దానికి కొంచెం ముద్దు కూడా చేరింది: చెల్లెళ్ళను కాపాడుకునే అన్న. అందుకేనేమో, పోయిన నెల మా ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లవాడు రాత్రి అన్నం తింటా, "అవ్వా, హిట్లర్ అరవై లక్షల మందిని చంపించినాడంట. అయినా దేశాన్ని నిలబెట్టినాడు కదా, మంచి లీడరే" అన్నాడు. మాకు ఎవరికీ నోట మాట రాలేదు.

తప్పు వాడిది కాదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో నాజీయిజం మీద పూర్తి పాఠమే ఏళ్ళ తరబడి ఉంటూ వచ్చింది. పాఠం మంచిదే. కానీ పరీక్షకు చదివేటప్పుడు తలలో మిగిలేది ఒక మీసం, కొన్ని గ్యాస్ గదులు, ఒక పెద్ద అంకె. అదంతా ఎక్కడో రాక్షసులు చేసిన పని అనిపిస్తుంది. ఇక దేశాన్ని నిలబెట్టినాడన్న మాటకు జవాబు చిన్నదే: 1945లో ఆయన పోయేనాటికి జర్మనీ నగరాలు శిథిలాలు, 1949కి దేశమే రెండు ముక్కలు.

మా అభిప్రాయం ఇది: ఆ పాఠాన్ని ఆష్విట్జ్ దగ్గర కాదు, బడి బెంచీ దగ్గర మొదలుపెట్టాలి.

1933లో జర్మనీలో యూదులు సుమారు 5 లక్షల మంది, నూటికి ఒక్కరు కూడా కారు. వాళ్ళు నిన్నో మొన్నో వచ్చినవాళ్ళు కారు. కొలోన్ నగరంలో యూదులు ఉన్నట్టు క్రీ.శ. 321 నాటి రోమన్ చక్రవర్తి శాసనమే చెప్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు లక్ష మంది యూదులు జర్మన్ సైన్యంలో పనిచేసినారు. ఆన్ ఫ్రాంక్ తండ్రి ఓట్టో కూడా ఆ సైన్యంలో ఆఫీసరే. ఇన్ని వందల ఏళ్ళ పాతుకుపోయిన వేళ్ళు కూడా వాళ్ళను కాపాడలేదు. పరాయి ఊళ్ళో తరాలుగా స్థిరపడిన మనలాంటి కుటుంబాలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

జరిగిన వరుస చూడండి. 1933 ఏప్రిల్ 1న యూదుల అంగళ్ళలో కొనవద్దన్నారు. వారం లోపలే ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసే చట్టం వచ్చింది. 1935లో నూరెంబర్గ్ చట్టాలు వాళ్ళ పౌరహక్కులు తీసేసి, ఇతర జర్మన్లతో పెండ్లిండ్లు నిషేధించినాయి. బడి లెక్కల పుస్తకాల్లో వికలాంగుల పోషణకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టమని పిల్లలకు ప్రశ్నలు ఇచ్చినారు. 1938లో యూదులను విషపు పుట్టగొడుగులతో పోల్చే బొమ్మల పుస్తకం పిల్లల కోసమే అచ్చువేసినారు. అదే ఏడు నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబడినాయి. వారం తిరక్కుండానే యూదు పిల్లలకు జర్మన్ బడుల తలుపులు మూసేసినారు. 1941 సెప్టెంబరులో బట్టల మీద పసుపు నక్షత్రం. చివరికి 60 లక్షల మంది యూదుల ప్రాణాలు, అందులో సుమారు 15 లక్షలు పిల్లలవి. రోమా తెగలవాళ్ళను, వికలాంగులను కూడా వదల్లేదు.

ముద్ర, దురభిప్రాయం, వివక్ష అనే మూడు మాటలకు తేడా పిల్లలకు ఈ వరుసలోనే తెలుస్తుంది. పుట్టగొడుగు బొమ్మ ముద్ర. ఆ బొమ్మను నమ్మి పక్కింటివాళ్ళతో మాట మానేయడం దురభిప్రాయం. బడి తలుపు మూయడం వివక్ష. పిల్లలను అడగాల్సిన ప్రశ్న, "ఏ మెట్టు దగ్గర ఎవరు ఆపి ఉండవచ్చు?" ఆపినవాళ్ళూ ఉన్నారు. 1943 అక్టోబరులో డెన్మార్క్‌లో మామూలు జనం, జాలరులు 7,000 మందికి పైగా యూదులను పడవల్లో స్వీడన్ చేర్చినారు. ఈ కథ చెప్పకపోతే పిల్లలకు భయమే మిగులుతుంది.

క్లాసులో కొందరిని యూదులుగా, కొందరిని నాజీలుగా నిలబెట్టి నాటకం ఆడించడం మాత్రం వద్దు. ఆ బాధ ఆటలో తెలియదు. ఆట మాత్రం గుర్తుంటుంది. దానికన్నా ఒక్క కుటుంబం కథ నిదానంగా చదివించడం మేలు.

ఇక మన సంగతి. ఇక్కడ కోయంబత్తూరు వైపు మన పిల్లలను బళ్ళో "గొల్టి" అని ఎగతాళి చేయడం మాకందరికీ తెలుసు. మేమూ పడినాము. ఆ మాటనూ ఆష్విట్జ్‌నూ ఒకే తక్కెడలో పెట్టడం పెద్ద తప్పు, చచ్చిపోయినవాళ్ళకు అవమానం. ఆ మాట నుంచి పిల్లలు నేర్చుకోవాల్సింది ఒక్కటే: ముద్ర పడితే లోపల ఎట్లా ఉంటుందో.

అది తెలిసినవాళ్ళం మనం ఏం చేస్తున్నాము? ఉత్తరాది నుంచి మిల్లుల్లో పనికి వచ్చిన పిల్లలను "వడక్కన్" అని మేమే ఎన్నిసార్లు అనలేదు? ఎవరింటి సంగతో ఎందుకు, మా తాతల కాలంలో పొలం పనివాళ్ళకు నీళ్ళివ్వడానికి వేరే లోటా ఉండేది. అది పశువుల కొట్టం గూట్లో ఉండేది. ఆ రాత్రి ఈ మాట బయటికి వచ్చేసరికి మా పిల్లవాడు "వాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదా?" అని అడిగినాడు. "అనలేరు" అన్నది అవ్వ. బళ్ళో ఎవరూ చెప్పని పాఠం వాడికి అక్కడ అందిందని మాకు అనిపించింది.

జనవరి 27న ఆష్విట్జ్‌కు విముక్తి దొరికింది, 1945లో. ఐక్యరాజ్యసమితి 2005లో ఆ తేదీని స్మృతి దినంగా ప్రకటించింది. ఆ సాయంత్రం పిల్లలతో ఒక గంట కూర్చోండి. మనల్ని ఏమన్నారో చెప్పండి, మనం ఎవరిని ఏమన్నామో కూడా చెప్పండి. రెండోది చెప్పకుండా మొదటిదే చెప్తే పిల్లలకు కోపం నేర్పినట్టే అవుతుంది.

మా ఇంట్లో కఠినంగా ఉండేవాళ్ళను "హిట్లర్" అనడం మానేయాలనుకున్నాము. ఇంకా అలవాటు పోలేదు, నోరు జారుతానే ఉంది. జారినప్పుడల్లా పిల్లవాడే పట్టుకుంటున్నాడు.