తిరిగి అప్పగించవలసిన గ్రంథం

2023 మే 17న న్యూయార్క్ నగరంలోని సోథెబీస్ వేలశాలలో ఒక పాత పుస్తకం 3 కోట్ల 81 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో అది 300 కోట్ల రూపాయలకు పైమాటే. ఇద్దరు పోటీదారుల మధ్య పాట ముగియడానికి కొద్ది నిమిషాలే పట్టింది. ఆ పుస్తకం హీబ్రూ భాషలో చేతితో రాసిన యూదుల ధర్మగ్రంథం. దాని పేరు కోడెక్స్ సాసూన్. ఆకులను కుట్టి, అట్టల మధ్య కట్టిన గ్రంథాన్ని కోడెక్స్ అంటారు. వార్తాపత్రికలు ధర గురించి విస్తారంగా రాశాయి. మా దృష్టి మాత్రం ఆ పుస్తకంలోనే ఎవరో రాసిపెట్టిన ఒక చిన్న వాక్యం మీద నిలిచిపోయింది. ఈ నెల పాఠకులతో దానిని పంచుకోదలిచాము. అయితే దాని వద్దకు చేరే ముందు పుస్తకం ఎటువంటిదో కొంత తెలుసుకోవాలి.

దాదాపు 12 కిలోల బరువు, 396 చర్మపత్రాలు, అంటే 792 పుటలు. రేడియో కార్బన్ పరీక్ష దాని కాలాన్ని క్రీ.శ. 880, 960 సంవత్సరాల మధ్య నిర్ధారించింది. హిజ్రీ లెక్కలో మూడవ శతాబ్ది చివరి భాగం, నాలుగవ శతాబ్ది తొలి భాగం అన్నమాట. బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాలు ఉన్న కాలమది. సిరియా, పాలస్తీనా ప్రాంతాలలో ఎక్కడో ఒక యూదు లేఖకుడు కూర్చుని, తమ మతగ్రంథపు 24 భాగాలనూ ఒకే సంపుటంలో రాశాడు. నేడు కొద్ది ఆకులు మాత్రమే లోపించాయి. అతని దస్తూరి అంత ముచ్చటైనది కాదట. తోలు ఖరీదైనది గనుక చోటు పొదుపు చేసుకుంటూ త్వరత్వరగా రాసుకుపోయినట్లు కనిపిస్తుంది.

మృత సముద్రపు గుహలలో దొరికిన చుట్టలు దీనికంటే దాదాపు వెయ్యి సంవత్సరాలు పాతవి. కానీ వాటిలో అధిక భాగం తునకలు. ఆ తరువాత కొన్ని వందల సంవత్సరాల పాటు హీబ్రూ ధర్మగ్రంథపు రాతప్రతులు దాదాపుగా కనిపించవు. మళ్లీ కనిపించేసరికి అవి ఈ కోడెక్స్ రూపంలో, ముస్లిముల పాలనలో ఉన్న నగరాల నుంచి వస్తాయి. వాటిలో మూడింటి పేర్లు ప్రముఖంగా వినిపిస్తాయి. హలబ్ నగరంలో శతాబ్దాల పాటు ఉండి, నేడు ఐదింట రెండు వంతులు పోగొట్టుకున్న అలెప్పో ప్రతి ఒకటి. కైరోలో సుమారు 1008లో రాసి, నేడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న లెనిన్‌గ్రాడ్ ప్రతి రెండవది. మూడవది ఈ సాసూన్ ప్రతి. అలెప్పో ప్రతి కంటే పూర్తిగా, లెనిన్‌గ్రాడ్ ప్రతి కంటే ముందుగా ఉండడమే దీని విశిష్టత.

మన పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పించే ప్రతి ఇంటికీ జబర్, జేర్, పేష్ తెలుసు. అరబీ లిపిలో హల్లులు మాత్రమే అక్షరాలుగా నిలుస్తాయి. హ్రస్వ అచ్చులు పైనా కిందా పెట్టే గుర్తులతో తెలుస్తాయి. తొలినాటి ముస్‌హఫ్‌లలో ఈ గుర్తులు లేవు. అరబ్బేతరులు ఇస్లామ్‌లో ప్రవేశించిన కొద్దీ ఉచ్చారణలో తప్పులు దొర్లకుండా ఉండేందుకు అబుల్ అస్వద్ దుఅలీ రంగు చుక్కలను ప్రవేశపెట్టాడనీ, ఆ తరువాత ఖలీల్ బిన్ అహ్మద్ నేటి గుర్తులను రూపొందించాడనీ మన చరిత్రకారులు చెబుతారు. హీబ్రూ లిపిది కూడా అదే ఇబ్బంది. దాదాపు అదే యుగంలో, తబరియా సరస్సు ఒడ్డున ఉన్న తబరియా పట్టణంలో కొందరు యూదు పండితులు తమ గ్రంథానికి అచ్చు గుర్తులు, రాగపు గుర్తులు పెట్టారు. ఏ పదం గ్రంథమంతటిలో ఎన్నిసార్లు వచ్చింది, ఏది అరుదైన రూపం అన్న లెక్కలను పుట అంచులలో సన్నని అక్షరాలతో నింపారు. నకలు రాసేవాడు ఒక్క అక్షరం తప్పినా ఆ లెక్క పట్టిస్తుంది. సాసూన్ ప్రతి అంచుల నిండా ఉన్నది ఆ కాపలాయే. మరొక ముచ్చట కూడా చెప్పుకోవాలి. ఆ కాలపు యూదులు ఇటువంటి కట్టిన గ్రంథాన్ని "మిత్స్‌హఫ్" అనేవారు. మన ముస్‌హఫ్ అన్న మాటనే వారు తమ నాలుకకు తగినట్లు మార్చుకున్నారు.

తౌరాతు హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) పై అవతరించిన దైవగ్రంథమని విశ్వసించడం మన విశ్వాసంలో భాగం. వారి చేతుల్లో నేడున్న పాఠం ఎంతమేరకు ఆ మూల అవతరణ అన్నది మన ధార్మిక పండితులు వేరుగా చర్చించిన విషయం. ఆ చర్చను ఇక్కడ ఎత్తుకోము. తమకు అందిన పాఠాన్ని అక్షరం జారిపోకుండా తరువాతి తరానికి అందించాలని ఒక సమాజం పడిన పాటు మాత్రం, హాఫిజులను కన్న ప్రతి ఇంటికీ అర్థమవుతుంది.

ఇక ఆ చిన్న రాత సంగతి. ఈ గ్రంథంలో వేర్వేరు కాలాల యజమానులు రాసిన వాక్యాలు ఉన్నాయి. పదకొండవ శతాబ్దిలో ఖలఫ్ బిన్ ఇబ్రాహీమ్ అనే వ్యక్తి దీనిని ఇస్‌హాఖ్ బిన్ హిజ్ఖీల్ అత్తార్‌కు అమ్మినట్లు ఒక విక్రయపత్రం చెబుతుంది. ఇస్‌హాఖ్ దానిని తన ఇద్దరు కొడుకులకు ఇచ్చాడు. (ఆ పేర్లను మేము అరబీ పద్ధతిలో రాశాము. వీరందరూ యూదులే. అరబీ మాట్లాడిన యూదులు.) తరువాత అది ఈశాన్య సిరియాలోని మాకిసీన్ అనే పట్టణానికి చేరింది. నేడు ఆ చోటును మర్కదా అంటారు. అక్కడి యూదు ప్రార్థనాలయానికి ఈ గ్రంథాన్ని అంకితం చేశారు. అటువంటి అంకితాన్ని వారు హెక్దేష్ అంటారు. మన వక్ఫ్ తెలిసిన వారికి అది కొత్త భావన కాదు. దైవం పేర కేటాయించిన దానిపై ఆ తరువాత ఏ మనిషికీ సొంత హక్కు ఉండదు.

ఆపై మాకిసీన్ ధ్వంసమైంది. మంగోలుల చేతిలోనో, తైమూర్ సేనల చేతిలోనో. ఊరు పోయింది, ప్రార్థనాలయం పోయింది, గ్రంథం మిగిలింది. దానిని సలామా బిన్ అబిల్ ఫఖ్ర్ అనే వ్యక్తికి అప్పగించారు. మాకిసీన్ ప్రార్థనాలయాన్ని తిరిగి కట్టిననాడు అతడు దానిని తిరిగి ఇవ్వాలి. ఈ షరతును గ్రంథంలోనే రాసిపెట్టారు.

దీనికి మన భాషలో ఉన్న పేరు అమానతు. సలామా ఎవరో, ఏ పని చేసేవాడో చరిత్ర చెప్పదు. ఊరంతా బూడిదైన రోజున పన్నెండు కిలోల తోలు గ్రంథాన్ని భుజాన వేసుకున్న మనిషిగా మాత్రమే అతడు మనకు తెలుసు. ప్రాణాలు దక్కించుకోవడమే గగనమైన వేళ కొందరు కూర్చుని, ఎవరి దగ్గర ఉంచుతున్నామో, ఎప్పటి దాకా ఉంచుతున్నామో కలంతో రాసుకున్నారు. మక్కా ఖురైషులు తన ప్రాణం తీయడానికి ఇంటిని చుట్టుముట్టిన రాత్రి, అదే మక్కా ప్రజలు తన దగ్గర దాచుకున్న సొమ్ములను ఎవరివి వారికి అప్పగించి రమ్మని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వలస వెళ్లిన సంగతి మన పిల్లలకు చెప్పుకుంటాము. ఆ కథ వింటూ పెరిగిన వారికి సలామా పరాయివాడు కాడు.

మాకిసీన్ ప్రార్థనాలయాన్ని మళ్లీ కట్టలేదు. గ్రంథం దాదాపు ఆరు వందల సంవత్సరాలు లోకం కంటికి కనిపించలేదు. 1929లో అది అమ్మకానికి వచ్చింది. కొన్నవాడు డేవిడ్ సాలమన్ సాసూన్. ఇక్కడ కథ మన దేశాన్ని తాకుతుంది. అతడు 1880లో బొంబాయిలో పుట్టాడు. అతని తాత డేవిడ్ సాసూన్ బాగ్దాదు పాలకుడు దావూద్ పాషా వేధింపులు భరించలేక పారిపోయి, 1832 ప్రాంతంలో బొంబాయి చేరిన యూదు వర్తకుడు. పత్తి, నల్లమందు వ్యాపారాలలో ఆ కుటుంబం అపారంగా ఆర్జించింది. నల్లమందు మాట చాలామంది దాటవేస్తారు, దాటవేయవలసిన అవసరం లేదు. ముంబయిలోని సాసూన్ డాక్, పూణేలోని సాసూన్ ఆసుపత్రి ఆ కుటుంబం పేరు మీదే నేటికీ ఉన్నాయి. మనవడికి వర్తకం కన్నా పుస్తకాల మీదే మక్కువ. చిన్నతనంలోనే తన గాలిపటం ఇచ్చి ఒక అరుదైన పుస్తకం తీసుకున్నాడని చెబుతారు. ఈ ప్రతికి అతడు చెల్లించింది 350 పౌండ్లు.

అతడు 1942లో మరణించాడు. 1978లో సాసూన్ వారసుల నుంచి ఇది సుమారు 3 లక్షల 20 వేల డాలర్లకు బ్రిటిష్ రైల్వే ఉద్యోగుల పింఛను నిధికి పోయింది. పింఛను సొమ్మును బంగారంలో, భవనాలలో పెట్టినట్లే కళాఖండాలలో కూడా పెట్టుబడి పెట్టిన రోజులవి. 1989లో ఆ నిధి దీనిని 31 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముకుంది. పదకొండేళ్లలో దాదాపు పదింతలు. అటుపిమ్మట జాకీ సఫ్రా అనే సంపన్న సంగ్రాహకుని వద్దకు చేరింది. 2023లో మరో పన్నెండింతలు. కొన్నవాడు అమెరికా మాజీ రాయబారి ఆల్‌ఫ్రెడ్ మోజెస్. కొన్నది తనకోసం కాదు, టెల్ అవీవ్‌లోని ఆను అనే యూదు చరిత్ర ప్రదర్శనశాలకు బహూకరించడానికి.

టెల్ అవీవ్ పేరు చదవగానే కొందరు పాఠకుల మనసు ముడుచుకోవచ్చు. పలస్తీనా ప్రజల మీద జరుగుతున్నదాని గురించి ఈ పత్రిక అభిప్రాయం పాఠకులకు తెలుసు. ఒక రాజ్యం చేసే పనుల కోపాన్ని వెయ్యేళ్లకు పైబడిన చర్మపత్రం మీద చూపించడం మాత్రం న్యాయం కాదు.

మాకు తెగని ప్రశ్న వేరొకటి ఉంది. ప్రార్థనాలయానికి అంకితమైనదానిని అమ్మవచ్చునా? అలెప్పో ప్రతి మీద దీనిని అమ్మరాదు, విడిపించుకుపోరాదు అన్న అర్థంలో స్పష్టమైన అంకితం ఉండేది. 1099లో బైతుల్ మఖ్దిస్‌ను ఆక్రమించిన క్రూసేడర్లు ఆ ప్రతిని కొల్లగొట్టగా, ఈజిప్టు యూదులు సొమ్ము చెల్లించి విడిపించుకున్నారు. హలబ్‌కు చేరాక శతాబ్దాల పాటు దానిని ఎవరూ బేరానికి పెట్టలేదు. సాసూన్ ప్రతికి ఆ భాగ్యం దక్కలేదు. అప్పగించవలసిన ఊరే లేనప్పుడు, అడిగే వారసుడు ఒక్కడూ లేనప్పుడు అమానతు ఏమవుతుంది? లబ్ధిదారు లేని వక్ఫ్‌ను దాని ఉద్దేశానికి అత్యంత దగ్గరగా ఉన్న పనికి మళ్లించాలని మన ఫిఖ్హ్ పండితులు చెప్పారు. ఆ కొలబద్ద ప్రకారం చూస్తే, పింఛను నిధి ఖజానా కన్నా, ఒక వ్యక్తి ఇనుప బీరువా కన్నా, నలుగురూ చూసి చదవగల ప్రదర్శనశాల మాకిసీన్ ప్రార్థనాలయానికి దగ్గరి చోటే. 1929కి ముందు ఎవరి చేయి దాటి అది అంగడికి వచ్చిందో, ఆ తొలి అమ్మకం మాత్రం మా మనసుకు సమాధానపడలేదు.

ఇదంతా చదివిన వారు తమ ఇంటి అటక మీదకు ఒకసారి చూపు సారించాలని మా కోరిక. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రాచీన ఖుర్ఆన్ ప్రతులను అద్దాల వెనుక చూసి పరవశిస్తాము. మన తెలుగు జిల్లాలలోని పాత ఇళ్లలో తాతలు, ముత్తాతలు తమ చేతితో రాసుకున్న ముస్‌హఫ్‌లు, దుఆ పుస్తకాలు, వైద్య గ్రంథాలు జుజ్‌దాన్‌లలో చుట్టి నేటికీ ఉన్నాయి. ఇల్లు పంచుకునేటప్పుడు వాటి ఊసు ఎవరూ ఎత్తరు. చెదలు పట్టాక, చిరిగిన పారాలతో కలిపి గౌరవంగా ఖననం చేయడానికి పంపేస్తారు. యూదులు కూడా దైవనామం ఉన్న పాత కాగితాన్ని పారవేయరు, ఒక గదిలో దాచి ఆ తరువాత ఖననం చేస్తారు. కైరోలోని అటువంటి ఒక గదిలో పేరుకుపోయిన లక్షల తునకల నుంచే మధ్యయుగపు ఈజిప్టు ప్రజల పెళ్లిళ్లు, అప్పులు, ఉత్తరాలు లోకానికి తెలిశాయి. ఖననం చేసేముందు ఒక్కసారి అందులో చేతిరాత ప్రతి ఉన్నదేమో విడదీసి చూడండి. అచ్చు పుస్తకానికి మరో ప్రతి దొరుకుతుంది.

చేతిరాత ప్రతి దొరికితే దానికి టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. తడి గోడకు, ఎండకు దూరంగా, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పడుకోబెట్టండి. పాత సామాను కొనేవాడు చెప్పే వెలకు తొందరపడక, హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వంటి చోట తెలిసిన వారికి చూపించండి. అన్నిటికన్నా ముందు ఇంటి పెద్దలు ఉండగానే అడగండి. ఎవరు రాశారు, ఏ ఊరిలో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, కుటుంబంలో ఎవరి వంతు, లేక ఏ మస్జిద్‌కు చెందవలసినది. వారు చెప్పినదంతా తేదీ వేసి వేరే కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని గ్రంథంతోపాటు అదే గుడ్డలో ఉంచండి.